రైలుపట్టాల పక్కన నడిచిన తీగ



సికింద్రాబాద్ నుంచి మహబూబ్‌నగర్ మీదుగా గద్వాల వైపు పోతున్నా, పగిడిపల్లి దగ్గర దారి చీలి నల్లగొండ, మిర్యాలగూడ వైపు పోతున్నా, కిటికీ పక్క సీటు దొరికితే ఒక్కసారి పట్టాల పక్కనున్న నేలను చూడండి. కంకరకు అవతల, ముళ్లతుప్పల మధ్య, కొంత దూరానికొకటి చొప్పున చిన్న రాళ్లు పాతి ఉంటాయి. వాటి మీద ఓ.ఎఫ్.సి. అని మూడు అక్షరాలు. అంటే ఆప్టికల్ ఫైబర్ కేబుల్. ఇక్కడ తవ్వొద్దని చెప్పే గుర్తు అది. రాయి కింద, సుమారు మీటరు లోతున ప్లాస్టిక్ గొట్టం, గొట్టంలో కేబుల్, కేబుల్‌లో గాజుపోగులు. మీ పిల్లల ఆన్‌లైన్ పాఠమో, మీసేవ కేంద్రంలో మీరు పెట్టుకున్న దరఖాస్తో, బొంబాయిలో పనికి పోయిన తమ్ముడి వీడియో కాలో, మీ రైలు పక్కనే ఆ గాజులో వెలుగై పరుగెత్తుతూ ఉండవచ్చు.

ఇలా పట్టాల వెంట వచ్చి ఇళ్లలోకి చేరే ఇంటర్నెట్‌కు ఒక పేరుంది. రైల్‌వైర్. కేంద్ర రైల్వే శాఖ 2000 సెప్టెంబరులో రైల్‌టెల్ అనే సంస్థను పెట్టింది. రైళ్లు నడపడానికి, వాటి భద్రతకు కావలసిన సమాచార వ్యవస్థను కొత్తగా తీర్చిదిద్దడం దాని మొదటి పని. పట్టాల పక్కన రైల్వేకున్న జాగా పొడవునా కేబుల్ వేసి, దేశానికి ఒక పెద్ద సమాచార మార్గాన్ని సిద్ధం చేయడం రెండో పని. ఇప్పుడు ఆ కేబుల్ దారి 60 వేల కిలోమీటర్లు దాటింది. ఆరు వేలకు పైగా స్టేషన్లను కలిపింది. దాని డేటా సెంటర్లలో ఒకటి మన సికింద్రాబాద్‌లోనే ఉంది. స్టేషన్ దాకా వచ్చిన తీగను చిన్న పట్టణాల్లో, ఊళ్లలో కేబుల్ టీవీ కనెక్షన్లు ఇచ్చే స్థానికులే ఇళ్లకు లాగి ఇస్తారు. ఆ ఇంటింటి కనెక్షన్ పేరే రైల్‌వైర్.

ఇంటర్నెట్ అమ్మే కంపెనీలు సాధారణంగా వేగం పేరో, గాలి పేరో, వెలుగు పేరో పెట్టుకుంటాయి. ఇది మాత్రం తాను నడిచి వచ్చిన దారి పేరు పెట్టుకుంది. ఆ దారి ఎంత కష్టపడితే ఏర్పడిందో తెలిస్తే ఆ పేరు ఎంత సరైనదో తెలుస్తుంది. ఈ రోజు మీతో చెప్పుకోవాలనుకున్నది ఆ దారి సంగతే. ఆ కథలో ఎక్కువ భాగం కొండల్లో నడుస్తుంది. కానీ ముందు రైలుకూ తీగకూ ఉన్న బంధం చెప్పాలి.

రైలుకు తీగ తోడు కావలసి రావడం ఈనాటిది కాదు. ఇంగ్లండులో 1839లోనే గ్రేట్ వెస్టర్న్ రైల్వే తన పట్టాల పక్కన, లండన్‌లోని పాడింగ్టన్ నుంచి వెస్ట్ డ్రేటన్ దాకా టెలిగ్రాఫ్ తీగ వేసింది. కుక్, వీట్‌స్టన్ అనే ఇద్దరు తయారు చేసిన యంత్రం అది. కారణం తేలికగా ఊహించుకోవచ్చు. రోడ్డు మీద ఎదురుగా బండి వస్తే పక్కకు తప్పుకుంటాం. పట్టా మీద తప్పుకోవడం కుదరదు. గట్టిగా బ్రేకు వేసినా రైలు వెంటనే ఆగదు. అందుకే ఒక స్టేషన్ నుంచి బండి వదిలే ముందు, అవతలి స్టేషన్‌లో దారి ఖాళీగా ఉందో లేదో కచ్చితంగా తెలియాలి. అవతలి స్టేషన్ మాస్టరు సరేనన్న తర్వాతే బండి కదలాలి. దాన్నే మనవాళ్లు లైన్ క్లియర్ అంటారు. ఒకే పట్టా ఉన్న దారుల్లో లైన్ క్లియర్ దొరికితే, స్టేషన్ మాస్టరు గదిలోని ఎర్రటి పెట్టె ఒక లోహపు గోళాన్ని బయటికి ఇచ్చేది. అది టోకెన్. బెత్తపు వలయానికి తగిలించిన సంచిలో దాన్ని పెట్టి, కదిలే బండి డ్రైవరుకు అందించేవారు. రెండు స్టేషన్ల పెట్టెలనూ కలిపిన తీగ ఒప్పుకుంటేనే టోకెన్ వచ్చేది. టోకెన్ చేతికి రాకుండా డ్రైవరు ముందుకు పోకూడదు. మహబూబ్‌నగర్ దారిలో పెరిగిన పెద్దవాళ్లకు ఆ వలయాన్ని చేతికి వేసుకునే ఇంజను మనుషులు ఇప్పటికీ గుర్తుండే ఉంటారు.

మైదానంలోనే ఇంత జాగ్రత్త కావలసి వస్తే, కనుమదారి సంగతి చెప్పనక్కర్లేదు. వంపు తిరిగితే ముందున్నది కనిపించదు. సొరంగంలోకి దూరితే ఏమీ కనిపించదు. దిగువకు పోయే బండి బ్రేకు పట్టు తప్పితే ఆపడం చాలా కష్టం. కొండలెక్కిన ప్రతి రైలుదారికీ పట్టా ఎంత ప్రాణమో పక్కనున్న తీగా అంతే ప్రాణం.

ఇక కొండ ఎక్కడం గురించి. ఉక్కు చక్రం ఉక్కుపట్టా మీద దొర్లితే రాపిడి చాలా తక్కువ. రైలు అంత బరువును అంత తక్కువ బలంతో లాగగలగడానికి కారణం అదే. కొండ ఎదురైనప్పుడు రైలుకు అడ్డుపడేది కూడా అదే. వాలు కొంచెం ఎక్కువైతే చక్రం ఉన్నచోటే తిరుగుతుంది కానీ బండి పైకి పోదు. వంద మీటర్లు ముందుకు పోతే ఒక మీటరు ఎత్తు పెరిగే దారిని రైలు ఇంజనీర్లు నూటికి ఒకటి అంటారు. బరువైన బండికి అది కూడా లెక్కలోకి తీసుకోవలసిన ఎక్కుడే. కాబట్టి కొండ మీదికి నిటారుగా పోలేరు. చుట్టూ తిరగాలి, సొరంగాలు తవ్వాలి, లోయల మీద వంతెనలు కట్టాలి. నీలగిరి రైలులో పన్నెండున్నరకు ఒకటి వాలు ఉన్నచోట మామూలు పట్టాలు చాలక, మధ్యలో పళ్లున్న పట్టా వేసి ఇంజను పళ్లచక్రాన్ని దానికి కరిపించారు. మెట్టుపాళయం నుంచి కూనూరు దాకా 1899లో అలాగే ఎక్కారు. అది పర్యాటకుల బండి. దేశపు సరుకంతా మోసే పెద్ద దారికి ఆ పద్ధతి సరిపోదు.

మన ప్రాంతానికి సంబంధించిన కొండదారి నీలగిరి కాదు. బొంబాయి, పూణె మధ్యనున్న భోర్ ఘాట్. పాలమూరుకూ, అంటే మన పాత మహబూబ్‌నగర్ జిల్లాకూ, భోర్ ఘాట్‌కూ ఏం సంబంధమని అడగవచ్చు. నారాయణపేట జిల్లాలో, కృష్ణానది ఒడ్డున కృష్ణా అనే స్టేషన్ ఉంది. బొంబాయి నుంచి వచ్చిన గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే, మద్రాసు నుంచి వచ్చిన మద్రాస్ రైల్వే 1871లో రాయచూరు దగ్గర కలుసుకున్నాయి. రాయచూరు దాకా వచ్చిన బొంబాయి దారి మన నేల మీదుగా, కృష్ణా స్టేషన్ మీదుగా, నది దాటి పోయింది. ఆ దారి అక్కడిదాకా రావాలంటే ముందు సహ్యాద్రి ఎక్కాలి. భోర్ ఘాట్ తెగకపోతే కృష్ణా స్టేషన్ లేదు.

1856లో మొదలైన ఆ కనుమ పని 1863లో ముగిసింది. ఇరవై ఐదు సొరంగాలు. ప్రధాన ఇంజనీరు జేమ్స్ బర్క్లీ. ఎక్కుడు చాలా నిటారుగా ఉన్నచోట 37కు ఒకటి. అంటే ముప్పై ఏడు మీటర్లు నడిస్తే ఒక మీటరు ఎత్తు. కొండ అంచున వంపు తిరగడానికి జాగా లేని ఒకచోట ఇంజనీర్లు ఒక ఉపాయం పన్నారు. బండి ఎక్కి వచ్చి ఒక చదును మీద ఆగుతుంది. ఇంజనును విప్పి రెండో చివర తగిలిస్తారు. అప్పుడు బండి వచ్చిన దిక్కుకు వెనుదిరిగి, ఇంకో వాలు మీదుగా పైకి పోతుంది. రివర్సింగ్ స్టేషన్ అనేవారు. 1929లో కొత్త దారి వేసేదాకా ప్రతి బండీ అక్కడ ఆగి దిక్కు మార్చుకునే పైకి పోయింది. ఈనాటికీ బొంబాయి వైపు నుంచి వచ్చే చాలా బండ్లకు కర్జత్‌లో వెనకనుంచి నెట్టే ఇంజన్లు తగిలిస్తారు. అదుపు తప్పి కిందికి జారే బండిని ఎగువ వాలుకు మళ్లించి ఆపడానికి వేసిన పక్కదారులు కూడా ఉంటాయి.

ఆ పనిలో ఒక ఇల్లాలి కథ ఉంది. కనుమ పని కాంట్రాక్టు తీసుకున్న సాలమన్ ట్రెడ్‌వెల్ 1859లో ఇంగ్లండు నుంచి వచ్చిన కొద్ది వారాలకే జబ్బుచేసి చనిపోయాడు. ఆయన భార్య ఆలిస్ వెనక్కి పోలేదు. ఇద్దరు ఇంజనీర్లను పెట్టుకుని, కాంట్రాక్టును తన పేర నడిపించి పని పూర్తి చేయించింది. రైలు చరిత్రలు ఆమెను గౌరవంగా తలచుకుంటాయి, తలచుకోవాలి కూడా. కానీ 1861 నాటికి ఆ కొండ మీద ఒక్కో రోజు నలభై వేలకు పైగా కూలీలు పనిచేసేవారు. మందుగుండుకు, కొండచరియలకు, కలరాకు వేలమంది పోయారు. వాళ్లలో ఒక్కరి పేరూ ఆ కొండ మీద ఏ రాతి మీదా లేదు. తాళ్లు కట్టుకుని కొండ అంచు నుంచి వేలాడుతూ రాతికి బెజ్జాలు వేసినవాళ్లు వాళ్లు.

బొంబాయికి సముద్రం అడుగు నుంచి సూయెజ్, ఏడెన్‌ల మీదుగా టెలిగ్రాఫ్ కేబుల్ 1870లో చేరింది. మరుసటి ఏడాదే రైలు రాయచూరులో మద్రాసు దారిని కలిసింది. ఈ రెండు సంఘటనలూ ఒకదాని పక్కన ఒకటి జరగడం నన్ను ఎప్పుడూ ఆలోచింపజేస్తుంది. ఇప్పటికీ ఐరోపా నుంచి, పడమటి ఆసియా నుంచి వచ్చే సముద్రపు కేబుళ్లు చాలావరకు బొంబాయి తీరంలోనే ఒడ్డెక్కుతాయి. అక్కడి నుంచి దేశం లోపలికి రావాలంటే అదే సహ్యాద్రి అడ్డం. రైల్‌టెల్ గాజు తీగ ఆ పాత పట్టాల పక్కనే నడిచి వచ్చి కృష్ణానది దాటుతుంది. తీగ కోసం ఎవరూ మళ్లీ కొండను తవ్వలేదు. రైలు కోసం కూలీలు తవ్విపెట్టినదే చాలింది.

నల్లమలలోనూ ఇలాంటి కథే ఉంది. 1876 నుంచి 1878 దాకా వచ్చిన ధాత కరువు దక్షిణాదిని ఊడ్చేసింది. ధాన్యం ఒకచోట ఉండి, ఆకలి ఇంకోచోట ఉండి, మధ్య దారి లేక జనం చచ్చిపోయారు. కరువు ప్రాంతాలకు తిండి చేర్చే రైలుదారులు వేయాలని అప్పుడు నిర్ణయించారు. బళ్లారి నుంచి కృష్ణాతీరం దాకా వేసిన మీటర్‌గేజి దారి అలా పుట్టింది. నంద్యాల దాటాక అది నల్లమల ఎక్కి గిద్దలూరు వైపు దిగుతుంది. ఆ అడవిలో బొగద సొరంగం, దొరబావి వంతెన 1880ల నాటివి. దొరబావి వంతెన లోయ అడుగు నుంచి పైకి లేచిన ఎత్తైన స్తంభాల మీద నిలబడి వందేళ్లు బండ్లు మోసింది. 1990లలో బ్రాడ్‌గేజి కోసం కొత్త దారి వేసినప్పుడు దాన్ని విప్పేశారు. మన అమ్రాబాద్ గుట్టలూ ఆ నల్లమలే. కృష్ణకు అవతలి నల్లమల రైలు ఎక్కింది. ఇవతలి నల్లమల ఎక్కలేదు. ఆ తేడా ఇంటర్నెట్‌లో కూడా కనిపిస్తుంది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

అమెరికాలో కూడా రైలు కంపెనీల కడుపునే ఇంటర్నెట్ కంపెనీలు పుట్టాయి. కాలిఫోర్నియాలో సదరన్ పసిఫిక్ అనే రైల్వే 1876లో తెహాచపి అనే కొండ ఎక్కడానికి పట్టాలను గుండ్రంగా చుట్టి, దారిని దాని మీదుగా దానినే దాటించింది. పొడుగాటి సరుకు బండి ఆ చుట్టు ఎక్కుతున్నప్పుడు ముందు ఇంజను తన వెనక పెట్టెల మీదుగా పోతుంది. చైనా నుంచి వచ్చిన కూలీల పని అది. ఆ రైల్వే తన సొంత అవసరానికి వేసుకున్న ఫోను వ్యవస్థను 1970లలో బయటివాళ్లకు అమ్మడం మొదలుపెట్టింది. తర్వాత అదే స్ప్రింట్ అనే పేరుతో అమెరికాలోని పెద్ద టెలిఫోన్ కంపెనీలలో ఒకటయింది. కొలరాడోలో రాకీ పర్వతాలను 1928లో మాఫట్ సొరంగంతో, సుమారు పది కిలోమీటర్ల పొడవున తొలిచిన దారి తర్వాత డెన్వర్ అండ్ రియో గ్రాండ్ వెస్టర్న్ రైల్వే చేతికి వచ్చింది. దాన్నీ సదరన్ పసిఫిక్‌నూ 1980లలో కొన్న ఆసామి, పట్టాల పక్కనే నాగలిలాంటి యంత్రాన్ని రైలుబండి మీద ఎక్కించి ఫైబర్ పాతించాడు. ఆ కంపెనీ క్వెస్ట్. ఏ దేశమైనా కావలసింది ఒకటే. ఎవరి పొలం మీదుగానూ పోకుండా, ఊరూరా అనుమతులు అడుక్కోకుండా, వందల మైళ్ల పొడవున ఒకే యజమాని చేతిలో ఉన్న సన్నటి భూమి.

గాజు తీగకు కొండ ఎక్కుడంటే భయం లేదు. వెలుగుకు వాలు తెలియదు. దానికి భయం రెండింటికి. మరీ బిగువుగా వంచితే వెలుగు పక్కకు కారిపోతుంది. గడ్డపార తగిలితే తెగిపోతుంది. గాజుపోగు తలవెంట్రుకంత సన్నగా ఉంటుంది. అందులోనూ వెలుగు నడిచే నడిమి భాగం మిల్లీమీటరులో వందో వంతు కన్నా తక్కువ. 1966లో చార్లెస్ కావో అనే శాస్త్రవేత్త, కిలోమీటరు పోయాక వెలుగులో నూటికి ఒక పాలు మిగిలితే చాలు, దానితో మాట పంపొచ్చని చెప్పాడు. అప్పటి గాజుకు ఆ ఒక్క పాలు కూడా మిగిలేది కాదు. ఆ పని చేసే గాజు 1970లో తయారైంది. కావోకు 2009లో నోబెల్ వచ్చింది. ఇప్పటి గాజులో యాభై కిలోమీటర్లు పోయినా పదో వంతు మిగులుతుంది. ఆ పదో వంతును పట్టుకుని, బలపరిచి, ముందుకు పంపడానికి మధ్యలో ఒక గది, ఆ గదిలో కరెంటు, చూసుకునే మనిషి ఉండాలి. రైలుదారిలో కొన్ని కిలోమీటర్లకొక స్టేషన్ ఉంటుంది. చాలా స్టేషన్లలో కరెంటు, రాత్రింబగళ్లు మేలుకునే మనిషి ఉంటారు. ఆవిరి ఇంజనుకు నీళ్లు పట్టడానికి, ఎదురెదురు బండ్లు తప్పుకోవడానికి అప్పట్లో అలా దగ్గర దగ్గరగా పెట్టిన స్టేషన్లు, నూట యాభై ఏళ్ల తర్వాత వెలుగుకు మజిలీలయ్యాయి.

ఇప్పుడు మన రెండు జిల్లాల సంగతికి వద్దాం. పాత మహబూబ్‌నగర్, పాత నల్లగొండ రెండూ రాతినేలలే. అడుగు మట్టి కింద నల్లరాయి. ఎక్కడ చూసినా గుండ్లు, గుట్టలు. కేబుల్ వేసేవాళ్లకు కేబుల్ కన్నా ఖరీదైనది గుంత. నల్లరేగడిలో ఒక రోజులో తవ్వే పొడవు, దేవరకొండ వైపు గుట్టల్లో వారానికి కూడా తెగదు. రాయి తగిలినచోట అనుకున్న లోతుకు పోలేక, పైన కాంక్రీటు పోసి కాపాడుకోవాలి.

గుంత మాట వచ్చింది కనుక పాలమూరు లేబర్ గురించి చెప్పకుండా ముందుకు పోలేను. ఈ దేశంలో ఆనకట్టలు, కాలువలు, రోడ్లు తవ్వినచోటల్లా పాలమూరు మనిషి చెమట ఉంది. వానలు లేక, బాయిల్లో నీళ్లు లేక, గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, పిల్లల్ని ముసలివాళ్ల దగ్గర వదిలి, ఆలుమగలు కలిసి పోయేవారు. మహబూబ్‌నగర్ జిల్లా నుంచి బొంబాయికి పోయే బస్సులు ఆ వలస కథను ఎంతోకాలం మోశాయి. నగరాల్లో టెలిఫోను కేబుళ్లకు, తర్వాత ఇంటర్నెట్ కేబుళ్లకు రోడ్ల పక్కన గుంతలు తవ్వినవాళ్లలోనూ మనవాళ్లున్నారు. ఇంకొకరి ఇంటికి తీగ పోయే దారి తవ్వినా, ఊళ్లో సిగ్నల్ కోసం గుట్ట ఎక్కే తన తల్లికి ఫోనులో దొరకని మనిషి అతను. భోర్ ఘాట్ కూలీల పేర్లు ఎవరూ రాసుకోలేదు. ఈ కూలీల పేర్లయినా ఎక్కడన్నా రాసి ఉన్నాయా? ఇంటర్నెట్ పల్లెకు రావడం గురించి ఎవరు మాట్లాడినా, ముందు ఆ బాకీ గుర్తుకు తెచ్చుకుని మాట్లాడాలని నా కోరిక.

ఆ బాకీ తీరే పని ఆలస్యంగానైనా మొదలయింది. దేశంలోని గ్రామపంచాయతీలన్నిటికీ ఫైబర్ చేర్చాలని కేంద్ర ప్రభుత్వం 2011లో ఒక పథకానికి ఒప్పుకుంది. 2015లో దానికి భారత్‌నెట్ అని పేరు మార్చారు. అది వేసిన సంస్థల్లో రైల్‌టెల్ కూడా ఉంది. తెలంగాణలో మరో దారి దొరికింది. ఆ దారి నీళ్లది. ఇంటింటికీ తాగునీరు ఇచ్చే మిషన్ భగీరథకు 2015 జూన్‌లో చౌటుప్పల్‌లో పైలాన్ ఆవిష్కరించారు. చౌటుప్పల్ అప్పుడు నల్లగొండ జిల్లాలోనే ఉంది. నీళ్లలోని ఫ్లోరిన్‌తో ఎముకలు వంకరపోయిన నల్లగొండ ప్రజలకు ఆ నీళ్లు ఎంత అవసరమో నేను చెప్పనక్కర్లేదు. ఆ నీళ్ల గొట్టాలకు తవ్విన గుంతల్లోనే, పక్కన ఫైబర్ కోసం మరో గొట్టం వేయాలని రాష్ట్రం నిర్ణయించింది. దాన్ని నడిపే ప్రభుత్వ సంస్థ పేరు టి-ఫైబర్. రాయిని ఒకసారే పగలగొట్టి, రెండు అవసరాలు తీర్చుకోవడం ఈ రాతినేలకు తగిన తెలివి.

నల్లగొండ పేరు ఇప్పటికే ప్రపంచమంతా తిరిగింది. పటికను, సున్నాన్ని కలిపి నీళ్లలోని ఫ్లోరైడును దించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో తయారు చేసింది. దాన్ని శాస్త్రజ్ఞులు నల్లగొండ టెక్నిక్ అంటారు. టాంజానియా, ఇథియోపియాల్లో ఫ్లోరిన్ నీళ్లు తాగే ఊళ్లలో కూడా ఆ పేరు తెలుసు. బాధ పడిన చోటి పేరు ఆ బాధకు కనిపెట్టిన మందుకు పెట్టడం ధర్మంగా ఉంది. రైల్‌వైర్ పేరులోనూ నాకు అదే కనిపిస్తుంది. తీగ కన్నా ముందు దారి ఉందని ఆ పేరు ఒప్పుకుంటుంది.

టి-ఫైబర్ ఇళ్లకు కనెక్షన్లు ఇవ్వడం 2024 డిసెంబరులో కొన్ని ఊళ్లలో ప్రయోగంగా మొదలుపెట్టింది. వాటిలో నారాయణపేట జిల్లా మద్దూరు ఒకటి. ఆ జిల్లాకు చాలాకాలం రైలంటే ఒక చివరనున్న కృష్ణా స్టేషనే. దేవరకద్ర నుంచి జక్లేరు, మక్తల్ మీదుగా కృష్ణా దాకా వచ్చే కొత్త దారి మహబూబ్‌నగర్-మునీరాబాద్ పథకంలో భాగం. అది మంజూరయింది 1997-98లో. జక్లేరు నుంచి కృష్ణా దాకా చివరి 37 కిలోమీటర్లు ప్రారంభమైంది 2023 అక్టోబరు 1న. పాతికేళ్లు పట్టింది. నల్లగొండ మీదుగా పోయే బీబీనగర్-నడికుడి దారి కూడా 1970లలో మొదలై 1989లో గానీ పూర్తి కాలేదు. పాత జిల్లా కేంద్రం గుండా రైలు పోవడానికి స్వతంత్రం వచ్చి నలభై ఏళ్లు దాటాలా అని అప్పటివాళ్లు అడిగారంటే, వాళ్లది అత్యాశ కాదు.

ఇక ఇవతలి నల్లమల. నాగర్‌కర్నూల్ జిల్లాలో అచ్చంపేట దాటి మన్ననూరు ఘాట్ ఎక్కితే అమ్రాబాద్ పులుల అభయారణ్యం. అందులో చెంచుల పెంటలు, అంటే చిన్న గూడేలు, ఉన్నాయి. అప్పాపూర్ లాంటి పెంటలకు రైలు లేదు, పెద్ద రోడ్డు లేదు. అడవి చట్టాల వల్ల గుంత తవ్వాలంటే అనుమతులు కావాలి. ఆ చట్టాలు పులికీ చెట్టుకూ కావలసినవే. వాటిని సడలించమని నేనడగను. కానీ రేషన్ దుకాణంలో వేలిముద్ర పడకపోతే బియ్యం ఆలస్యమయ్యేది ఆ పెంటల్లోనే. జ్వరమొస్తే డాక్టరుతో మాట్లాడటానికి ఫోను పలకనిదీ అక్కడే. గుంత తవ్వలేనిచోట కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగవచ్చు. గుట్ట మీద నుంచి రేడియో తరంగాలతో పంపవచ్చు. వంపు తిరగడానికి జాగా లేనిచోట రివర్సింగ్ స్టేషన్ కట్టినవాళ్ల ఓపిక ఇక్కడ కూడా చూపించాలి. ఆ పెంటల్లో ఎన్ని ఇళ్లున్నాయి, ఎంత ఆదాయం వస్తుంది అన్న లెక్కతో మొదలుపెడితే ఎప్పటికీ తీగ పోదు. కరువుకు వేసిన రైలుదారిని ఎవరూ టికెట్ల లెక్కతో మొదలుపెట్టలేదు. గద్వాల నుంచి నాగర్‌కర్నూల్, అచ్చంపేట, దేవరకొండ ప్రాంతాల మీదుగా మాచర్లకు రైలు కావాలని తరాల తరబడి అడుగుతున్నారు. ఆ దారి పడితే నల్లమల అంచున పట్టా పడుతుంది, దాని పక్కనే గాజు తీగా పడుతుంది. ఆ రైలును సరుకుతో మాత్రమే తూచకుండా, ఆ తీగను కూడా తక్కెడలో వేసి చూడమని అధికారులను కోరుతున్నాను.

చివరగా మీతో ఒక మాట. మీ గ్రామపంచాయతీ కార్యాలయంలో గోడకు ఒక చిన్న పెట్టె తగిలించి ఉండవచ్చు. భారత్‌నెట్ తీగ వచ్చి ఆగేది అందులోనే. కొన్ని ఊళ్లలో దాని ఆకుపచ్చ దీపం వెలుగుతూ ఉంటుంది. కొన్నిచోట్ల కరెంటు బిల్లు కట్టక, బ్యాటరీ పాడై, లేదా రోడ్డు వెడల్పు చేసినప్పుడు తీగ తెగి, దీపం ఆరిపోయి దుమ్ము పట్టి ఉంటుంది. ఈసారి పంచాయతీకి పోయినప్పుడు కార్యదర్శిని అడిగి ఆ పెట్టె చూడండి. దీపం ఆరి ఉంటే ఎప్పుడు ఆరిందో, ఎవరికి ఫిర్యాదు చేశారో అడగండి. బడికి, అంగన్‌వాడీకి, ఆరోగ్య ఉపకేంద్రానికి అక్కడి నుంచి తీగ వేశారా అని కూడా అడగండి. జవాబు రాకపోతే గ్రామసభలో తీర్మానం రాయించండి. తీర్మానం కింద సంతకాలు పెట్టేటప్పుడు, బొంబాయి, పూణెల్లో కేబుల్ గుంతలు తవ్వి ఊరికి తిరిగొచ్చిన వాళ్లున్నారేమో చూసి, ముందు వాళ్ల చేత పెట్టించండి.